షడ్డకుని కాళ్లు

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టుకుని బతికే బక్కయ్యకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఊళ్లో ఎవరు ఎట్లా పోయినా ఆయనకు పట్టదు, ఒక్క గండయ్య సంగతి తప్ప. గండయ్య ఆయన షడ్డకుడు. ఇద్దరూ అక్కచెల్లెళ్లను చేసుకున్నారు. పెద్దామె గండయ్య భార్య, చిన్నామె మైసమ్మ బక్కయ్య భార్య. వయసులో గండయ్యే పెద్ద. అయినా ఆయన థర్మకోల్ తెప్ప మీద నిలబడి వల విసురుతుంటే ఒడ్డున ఉన్నవాళ్లు చేతిలో పని ఆపి చూసేవాళ్లు.

బక్కయ్యకు కొంతకాలంగా పిక్క పట్టేస్తుండేది. కట్ట మీద సగం దూరం నడిచేసరికి కుడి పిక్కను ఎవరో మెలిపెట్టినట్టయ్యేది. కాసేపు నిలబడితే తగ్గేది. నొప్పికి ఆగానని ఎవరికీ తెలియకూడదని బీడీ ముట్టించేవాడు. గండయ్య మాత్రం తడి వల భుజాన వేసుకుని ఆగకుండా సాగిపోయేవాడు. "జల్దీ రా తమ్మీ, చేపలు మెత్తవడ్తయి" అనేవాడు. అందులో వెటకారం ఉండేది కాదు. ఉండి ఉంటే బక్కయ్యకు కాస్త హాయిగా ఉండేది.

ఇంటికొస్తే మైసమ్మ అందుకునేది.

"మా బావను సూడరాదు, గా వయసుల ఎట్ల నడుస్తుండో! నువ్వేంది, సూడి బర్రె లెక్క?"

"పోయి మీ బావ కాళ్లకు బొట్టు వెట్టు, పో."

ఆ కాళ్లను బక్కయ్య దొంగచాటుగా చూసేవాడు. బురదలోంచి పైకొచ్చినప్పుడు నల్లగా, బిగువుగా, రాతితో చేసినట్టుండేవి. తూము దగ్గర పాచి మీద ఒక్కసారి జారితే బాగుండునని అనుకున్న రోజులున్నాయి. అనుకున్నాక భయమేసి చెరువుకు దండం పెట్టుకునేవాడు. మర్నాడు మళ్లీ అదే కోరిక.

నిరుడు వేసవిలో ఆశా వర్కర్ సరళ వాడకట్టంతా తిరిగి చెప్పింది.

"తాతా, ఆదివారం చేపలోళ్ల సంఘం బిల్డింగుల క్యాంపు వెడ్తున్నరు. అరవై అయిదు దాటినోళ్లకు రక్తనాళాల స్కానింగ్ చేస్తరట. మెడ, కడుపు, కాళ్లు అన్నీ చూస్తరు. సూది లేదు, నొప్పి లేదు. బీడీలు తాగెటోళ్లు తప్పక రావాలె."

తన కాలిలో ఏదో ఉందని బక్కయ్యకు తెలుసు. అది నలుగురిలో బయటపడితే, గండయ్య పక్కన తను ఇంకా చిన్నబోతాడు. కానీ గండయ్య మాత్రం తక్కువ బీడీలు కాల్చాడా? మిషన్ పెడితే ఆ ఒంట్లో కూడా ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి దొరక్కపోదు. ఆ ఆశతోనే ఆయన షడ్డకుని ఇంటికి వెళ్లాడు.

"అన్నా, క్యాంపుకు పోదాం పా."

"నాకేమైంది తమ్మీ? గుండు లెక్కున్న."

"గందుకే రమ్మంటున్న. ఏం లేదని తెలుస్తది గదా."

గండయ్య వద్దన్నాడు. బక్కయ్య వదల్లేదు. చెరువు దగ్గర అడిగాడు, కల్లు దగ్గర అడిగాడు. చివరికి "నీ పరేషాన్ వడలేక వస్తున్న" అని గండయ్య ఒప్పుకున్నాడు.

ముందు బక్కయ్యనే పరదా వెనక మంచం మీద పడుకోబెట్టారు. డాక్టర్ అమూల్య కాలికి జిగురు లాంటిది పూసింది. "మస్తు సల్లగున్నదమ్మా" అన్నాడు. మిషన్‌లోంచి నీళ్లు తోసుకుపోతున్నట్టు చప్పుడు వచ్చింది.

"కుడికాలి రక్తనాళం సన్నబడింది తాతా. నడిచేటప్పుడు పిక్కకు రక్తం చాలడం లేదు. బీడీ మానెయ్యాలి, మందులు వాడాలి. రోజూ నడవాలి. నొప్పొస్తే ఆగాలి, తగ్గాక మళ్లీ నడవాలి."

నడవలేక వస్తే నడవమంటుందేమిటని గొణుక్కుంటూ ఆయన బయటికొచ్చాడు. గండయ్య లోపలికి వెళ్లాడు. బక్కయ్య పరదాకు ఆనుకుని చెవి వేశాడు. మళ్లీ అదే నీళ్ల చప్పుడు. తర్వాత డాక్టరమ్మ గొంతు వినిపించింది.

"తాతా, మీ కడుపులో పెద్ద రక్తనాళం ఒకచోట ఉబ్బింది, పాత సైకిల్ ట్యూబు ఉబ్బినట్టు. అది పగిలితే ప్రాణానికే ముప్పు. బరువులు ఎత్తకండి. ఈ వారమే పెద్దాసుపత్రికి పోవాలి."

"నాకేం నొప్పి లేదు గద బిడ్డా?"

"నొప్పి ఉండదు తాతా. అందుకే ఈ పరీక్ష."

బక్కయ్య పరదా వదిలి వెనక్కి జరిగాడు. కోరుకున్నదే దొరికింది. ఇంత పెద్దది మాత్రం ఆయన కోరుకోలేదు.

ఆ భయం ఎక్కువ రోజులు నిలవలేదు. గండయ్య వాకిట్లో చుట్టాలు, సంఘం వాళ్లు, పండ్లు. మైసమ్మ పొద్దున లేస్తే అక్క ఇంట్లోనే. బక్కయ్య కాలేమైందని అడిగిన మనిషి లేడు. రోగం కూడా గండయ్యకే పెద్దది వచ్చిందని ఆయన కడుపు మండింది.

"నాకు గుడ రోగమున్నదే" అన్నాడు భార్యతో.

"నీది నడిస్తే తగ్గే రోగం. నడువు."

పట్నంలో గండయ్యకు తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, ఉబ్బిన నాళం లోపలికి గొట్టం ఎక్కించారు. బక్కయ్య చూడబోయాడు. ఆసుపత్రి బట్టల్లో గండయ్య సగం మనిషయ్యాడు. చెయ్యి పట్టుకుని పక్క మంచాల వాళ్లకు కూడా వినిపించేలా అన్నాడు.

"గీ తమ్ముడు గుంజుకపోకుంటే నేను మన్నుల కలుస్తుంటి."

ఎందుకు గుంజుకుపోయాడో బక్కయ్య చెప్పలేకపోయాడు. "ఊకో అన్నా" అని కిటికీ వైపు చూశాడు. తర్వాత ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. ఆ మాటలు ఆయనకు మింగుడు పడలేదు.

షడ్డకుడు మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆయన పొద్దునా సాయంత్రం కట్ట మీద నడిచాడు. డాక్టరమ్మ మాట కన్నా, నలుగురూ ఇప్పుడు తన కాళ్లు చూడాలన్న పంతమే ఎక్కువ. బీడీ కూడా ఆ పంతంతోనే మానేశాడు. బోనాల నాటికి కట్ట ఆ చివరిదాకా ఆగకుండా పోగలిగాడు. చూసి మెచ్చుకోవలసిన మనిషి మాత్రం ఇంకా గడప దాటలేదు. ఒక్కడూ నడిచి గెలవడం చప్పగా ఉంది.

గండయ్య కోలుకున్నాక మైసమ్మ భోజనానికి పిలిచింది. బొచ్చె చేప పులుసు పెట్టి, తలకాయ ముక్క బావకే వేసింది. బక్కయ్యకు ఎప్పటిలాగే ఒళ్లు మండింది.

"ఉప్పు, కారం తక్కువ తినుమన్నరు గదా అన్నా, ఇటియ్యి" అని చెయ్యి చాపాడు.

గండయ్య నవ్వి, ముక్కను రెండుగా విరిచాడు. పెద్ద సగం తనే ఉంచుకున్నాడు. బక్కయ్య ఆ సగం వంకే చూస్తూ, తన సగాన్ని ముళ్లతో సహా జుర్రుకున్నాడు.