అత్త మైల స్నానం చేసిన ఆదివారం

మా ఊరి బోరునీళ్ళను పరీక్షకని సీసాల్లో పట్టుకెళ్ళిన అధికారులు, వాటిలో ఏముందో ఇంతవరకు మాకు చెప్పలేదు. ఇది తప్పు. చేసినవాళ్ళు జీపులో వచ్చారు, జీపులోనే పోయారు. ఆ నీళ్ళే తాగిన మా మేనత్త మొన్న బుధవారం విశాఖపట్నంలో ఆసుపత్రి మంచం మీద పోయింది. కిడ్నీలు రెండూ పాడయ్యాయన్నారు. ఆ నీళ్ళ వల్లేనని నేను రుజువు చూపలేను. కాదని వాళ్ళూ చూపలేదు. వీధికొక చావు చూస్తున్న ఉద్దానం వాళ్ళకి ఇదొక పెద్ద వార్త కాదని నాకు తెలుసు. కోపంతో నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. కలం మాత్రం భయం అనే మాట దగ్గరే ఆగిపోతోంది.

అత్త కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. మొదటి బస్సుకు వెళ్ళి పొద్దువాలాక వచ్చేది. జీడిరసం అంటి వేళ్ళ కొసలు ఎప్పుడూ నల్లగా ఉండేవి. మామ పోయాక మా ఇంటి పక్క వాటాలోనే ఉండేది. ఆమెకు ఈ లోకంలో ఒకే ఒక్క సరదా. ఆదివారం పొద్దున్న మా టీవీలో వచ్చే ఓడ సీరియల్.

ఏ దేశంలోనో తీసి, తెలుగు మాటలు అతికించిన సీరియల్ అది. భూమి బతకడానికి పనికిరాకుండా పోతే, కొంతమంది పెద్ద ఓడెక్కి చుక్కల మధ్య తిరుగుతుంటారు. దిగడానికి చోటు దొరకదు. ఆ ఓడకు ఒక కెప్టెను, ఒక డాక్టరమ్మ. అత్త ఆ డాక్టరమ్మ మనిషి. మా యాంటెనా కొబ్బరిచెట్టుకు కట్టి ఉండేది. గాలి తగిలితే బొమ్మ ఊగేది. "ఓలమ్మ, ఆలకీ తుపానొచ్చీసింది" అని అత్త నవ్వేది.

అప్పటికే నేను పలాస స్టేషను దగ్గర పంచే కరపత్రాలు చదివి లోకాన్ని మార్చే పనిలో ఉన్నాను. ఊరుకునేవాణ్ణా?

"అత్తా, ఇదంతా జనానికి మత్తెట్టడానికే. నేల మీద బాదలు ఒగ్గీసి సుక్కల్లో తిరగడమేటి?"

"ఒరే, నీ కరపత్రం నాలుగు పేజీలకే అయిపోద్ది. నా ఓడ ఆదివారం ఆదివారం వత్తాది. అడ్డు లెగు, డాక్టరమ్మ మొకం అవుపడ్నేదు."

ఎప్పుడూ గుమ్మంలోనే కూర్చునేది. కుర్చీ వేస్తే వద్దనేది. కాళ్ళు మడుచుకుని, చీర అంచు పాదాల మీదికి లాక్కునేది. అది ఆమె సిగ్గనుకున్నాం.

ఆ ఏటికి సీరియల్ చివరి భాగం వచ్చిన ఆదివారం మా ఇల్లంతా జనమే. ఓడలో ఒకరి తరువాత ఒకరు నీరసపడి పడిపోతుంటారు. డాక్టరమ్మ అందరి రక్తం పరీక్ష చేస్తుంది. వాళ్ళు తాగే నీళ్ళలోనే ఏదో ఉందని తేలుతుంది. కెప్టెన్ ఆ మాట బయటకు రానివ్వడు. చెబితే జనం భయపడతారంటాడు. ఎలాగైనా చెప్పాలని ఆమె పరుగెడుతుంటే, ఎదురుగా ఉన్న ఇనుప తలుపు మూయించేస్తాడు. ఆమె అవతల, జనం ఇవతల. అద్దంలోంచి ఆమె పెదవులు కదులుతాయి, మాట వినిపించదు. ఇటు జనం తలలు దించుకుని గిన్నెల్లో నీళ్ళు తాగుతుంటారు. అంతటితో అయిపోయింది.

గుమ్మంలోంచి అత్త అంది:

"ఆ కెప్టెనొక్కడే కాదర్రా. ఆ తాగినోలందరికీ తెల్సు. సూడండి, ఒక్కడూ తలెత్తనేదు."

లేచి వెళ్ళిపోయింది. టీవీ ముందు మేమింకా వాదులాడుకుంటుండగా పెరట్లో నీళ్ళ చప్పుడు. వెళ్ళి చూస్తే, కట్టుకున్న చీరతోనే అత్త నూతి దగ్గర తలమీంచి బిందెలు బిందెలు దిమ్మరించుకుంటోంది. అయినవాళ్ళు పోయిన కబురు వస్తే చేసే స్నానం అది.

"ఎవులు పోనారే?" మా అమ్మ గాభరాగా అడిగింది.

"డాక్టరమ్మ."

"ఏ డాక్టరమ్మ?"

"ఓడలో డాక్టరమ్మ, వదినా. ఆ తలుపెనకాల బతుకుద్దేటి? నిజం సెప్పబోయి పోనాది. ఇన్ని ఆదివారాలు మన గుమ్మంలో మనతోటి కూకుంది. మన మనిషి కాదేటి?"

గోడ అవతలి నుంచి ఎవరో పకపకా నవ్వారు. "టీవీలో పోతే మైలేటే! పెదకర్మకి బోజనాలెప్పుడే?" అని అరిచారు. నాకూ నవ్వొచ్చింది. అమ్మ నవ్వలేదు. ఆమె అత్త కాళ్ళకేసి చూస్తోంది. తడిసిన చీర ఒంటికి అతుక్కుపోయి, అన్నాళ్ళూ అంచు కింద దాచిన పాదాలు బయటపడ్డాయి. నానిన దుంగల్లా ఉన్నాయి. అమ్మ వంగి, కాలి మీద బొటనవేలితో నొక్కింది. పడిన గుంట పూడలేదు.

ఉద్దానంలో ఆ గుంట అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"ఎన్నాళ్ళయ్యిందే?"

"వాతమేమోలే అనుకున్నాను, వదినా."

"అబద్దమాడకు."

"తెల్సు. సెప్తే నా పక్కన కూకుని పిక్కలెవులు కొడతారు? నా సేతి గలాసెవులు ముట్టుకుంటారు?"

ఇది అంటుకునే జబ్బు కాదని నేను ఉపన్యాసం మొదలుపెట్టబోయాను. అమ్మ చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. మా ఊళ్ళో ఈ జబ్బుకు పేరుండదు. వాతం అంటాం, నీరసం అంటాం, ఎండదెబ్బ అంటాం. పేరు పెడితే ఇంట్లో ఉన్న పిల్లకు సంబంధం రాదని భయం. రక్తం చూపించుకుంటే జబ్బు అప్పుడే పుడుతుందన్నట్టు టెక్కలి ఆసుపత్రి వైపు చూడం. నీళ్ళు పట్టుకెళ్ళిన ఆఫీసు వాళ్ళు మనకు చెప్పలేదు, మనం ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలేదు. మొదటిదాని మీద ఎన్ని నినాదాలైనా రాయగలను. రెండోదాని మీద నాకు ఏ కరపత్రంలోనూ ఒక్క ముక్క దొరకలేదు.

మర్నాడు అత్తే నన్ను తోడు తీసుకుని టెక్కలి బయల్దేరింది. ఆమె భయపడలేదని రాయను. సూది గుచ్చుతుంటే నా చేయి నొక్కిన నొక్కుకు నాకు కన్నీళ్ళొచ్చాయి. రక్తం చూసిన డాక్టరు నిదానంగా, "ముందే రావలసిందమ్మా" అన్నాడు. అంతే అన్నాడు.

అప్పటినుంచి రక్తం శుభ్రం చేయించుకోవడానికి రైలెక్కి విశాఖపట్నం వెళ్ళడం, తిరిగి రావడం. నౌపడ దగ్గర కిటికీలోంచి ఉప్పుమడులు కనిపించేవి. తెల్లటి కుప్పలు, మనిషి జాడ లేని నేల. "ఓడ దిగడానికి ఇలాటి సోటు దొరికితే సాలేమో ఆలకి" అంది ఒకసారి. వచ్చేటప్పుడు మాట్లాడే ఓపిక ఉండేది కాదు.

ఆ సీరియల్ మళ్ళీ రాలేదు. కొత్త భాగాలు కొనలేదో, అసలు తీయలేదో. కాశీబుగ్గలో సీడీలమ్మే కొట్లన్నీ తిరిగాను. మత్తుమందు అని తిట్టిన నేనే "ఓడ సీరియలు, డాక్టరమ్మ ఉంటాది" అంటూ కొట్టుకొట్టుకూ అడిగాను. దొరకలేదు. చివరి వారాల్లో అత్త మంచం మీంచి అదే అడిగేది.

"ఒరే, తలుపు తెరిసుంటారంటావా?"

"తెరిసే ఉంటారత్తా."

"నివ్వు సూసినావేటి?"

"సూడనేదు."

"మరి సూసినట్టు సెప్పకు." కాస్త ఊపిరి తీసుకుని అంది: "నా గురించి ఊళ్ళో దాయకండి. ఏటయ్యిందో పేరెట్టి సెప్పండి. బయం ఒంటిగా కట్టీసిన పెయ్యరా. రేయీ పగలూ అరుత్తాది. నలుగురి మజ్జిన కట్టు, ఊరుకుంటాది."

అందుకే పేరు పెట్టి రాస్తున్నాను. మా అత్త కిడ్నీ జబ్బుతో పోయింది. ఆమె తాగిన బోరునీళ్ళే నేనూ తాగాను. పొద్దున్న లేవగానే నా కాళ్ళు నొక్కి చూసుకుంటున్నాను. పరీక్షకు రక్తం మాత్రం ఇంకా ఇవ్వలేదు. రెండుసార్లు టెక్కలి దాకా వెళ్ళి, ఆసుపత్రి గేటు చూసి వెనక్కి వచ్చాను. ఒక్కణ్ణే వెళ్ళలేకపోతున్నాను. ఇది చదువుతున్న మీలోనూ చాలామంది ఇలాగే వెనక్కి వచ్చారని నాకు తెలుసు. ఆ గేటు దగ్గర తెలిసిన ముఖాలు చూశాను, చూడనట్టు తల తిప్పుకున్నాను.

ఈ సోమవారం పొద్దున్న తొమ్మిది గంటలకు టెక్కలి ఆసుపత్రి గేటు దగ్గరకు రండి. ముందు అందరం రక్తం ఇద్దాం. తరువాత అక్కడినుంచే, నీళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళ ఆఫీసుకు నడిచి, మా నీళ్ళలో ఏముందో చెప్పమని అడుగుదాం. చెప్పేదాకా మెట్ల మీదే కూర్చుందాం. వాతం ఉన్నవాళ్ళు రండి. నీరసం ఉన్నవాళ్ళు రండి. ఏమీ లేదని చెప్పుకుంటున్నవాళ్ళు తప్పకుండా రండి. నేను అరగంట ముందే వచ్చి, చొక్కా చేయి మోచేతి పైకి మడుచుకుని, వరసలో మొదట నిలబడి ఉంటాను. నా వెనక ఎవరో ఒకరు నిలబడండి.