మూడక్షరాల తాళం

జేబులో దువ్వెనా, దువ్వెన పక్కన పెన్‌డ్రైవూ లేని కుర్రాడు మా శ్రీకాకుళం జిల్లాలో కనబడని రోజులు కొన్నుండేవి. పాటలు, ప్రాజెక్టు రిపోర్టులు, పెళ్లి ఫొటోలు అన్నీ అందులోనే, వాటితోపాటు వైరస్సూ అందులోనే. ఒకరి జలుబు ఇంకొకరికి అంటుకున్నట్టు ఒక కంప్యూటర్ రోగం ఇంకో కంప్యూటర్‌కి నడిచొచ్చేది. డిగ్రీ అయ్యాక ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో మా మావ నెట్ సెంటర్‌లో నేను పనికి చేరింది అప్పుడే. మావ మా అమ్మకి సొంత అన్న. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జెరాక్సు మిషను, వీటన్నిటి మీదా మావ పెద్దకొడుకు పెత్తనం. నాకు వరసకి బావ. చేరిన నాలుగో రోజున మూడింటిలోనూ ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి, నొక్కితే ఒక్కటీ తెరుచుకోదు. బావ కొట్టులో ఉన్నవాళ్లందరి ముందూ (పదకొండుమంది, లెక్కపెట్టాను) నావైపు చెయ్యి చూపించి, "ఈడొచ్చినకాడ్నుంచే ఇదంతా. ఈడి పెన్‌డ్రైవులోంచే వచ్చుంటాది. అసలీడే పెద్ద వైరస్సు!" అన్నాడు. నాకు అప్పటికి పెన్‌డ్రైవే లేదు (పైన చెప్పిన కుర్రాళ్లలో నన్ను కలుపుకోకండి). ఆ ముక్క నోట్లోంచి వచ్చేలోపు జనం నవ్వేశారు. సాయంత్రానికి ఎదురుగా ఉన్న టీ కొట్టతను కూడా "వైరస్సూ, పంచదార తగ్గించీమంటావేటి?" అని అడిగాడు. ఆ రోజు బావ వేసుకున్న గళ్ల చొక్కాకి రెండో గుండీ లేదు. అన్నీ గుర్తున్నాయి.

ఆ పేరు చెరిగేదాకా కొట్టు వదిలేది లేదనుకున్నాను. శ్రీకాకుళంలో ఒక స్నేహితుడి దగ్గర విండోస్‌కి బదులు కంప్యూటర్‌ని నడిపే లినక్స్ సీడీ ఉందని తెలిసి, బస్సెక్కి వెళ్లి తెచ్చుకుని, పుస్తకం చదివినట్టు దాన్ని చదివాను. మర్నాడు మావ ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. మన విండోస్‌లో ఎవరు కూర్చున్నా వాళ్లే యజమాని, బావ అలా పెట్టాడు కాబట్టి లోపలికొచ్చిన వైరస్సూ యజమానే. లినక్స్‌లో ఏది మార్చాలన్నా యజమాని పాస్‌వర్డ్ అడుగుతుంది, పైగా విండోస్ కోసం రాసిన వైరస్సు దీన్లో నడవదు. బావ కుర్చీ వెనక్కి వాల్చి విన్నాడు. "ఒరే, నీ ఇంట్లో దొంగలు పడలేదంటే తలుపు గట్టిదని కాదురా, లోపల ఏటీ లేదని! దాన్ని ఎవుడూ వాడడు, అందికే దానికి ఎవుడూ వైరస్సు రాయడు. యాంటీవైరస్ ఏసుకుని జాగర్తగా ఉంటే నాదీ గట్టిదే" అన్నాడు. అందులో సగం నిజం ఉందని నాకు తెలుసు. అందుకే ఇంకా మండింది.

మావ తగవు తీర్చాడు. "పదిహేన్రోజులు సూద్దాం. సెరో మిషనూ తీసుకోండి, వచ్చిన పెన్‌డ్రైవల్లా పెట్టండి. ఎవుడిది పడిపోకుండా నిలబడితే మూడింటికీ ఆడిదే. ఓడినోడు జెరాక్సు మిషను కాడ నిలబడాల. మరి కంప్యూటర్ ముట్టుకోకూడదు." అంటే ఓడితే నేను జీవితాంతం వైరస్సునే, అదీ జెరాక్సు తీసే వైరస్సుని.

ఆ పదిహేను రోజులూ నేను అన్నం కూడా కంప్యూటర్ ముందే తిన్నాను. బావ కంప్యూటర్ మూడుసార్లు పడిపోయింది, మూడుసార్లూ ఉన్నదంతా చెరిపేసి ఫార్మాట్ కొట్టాడు. నాదాన్లో అదే పెన్‌డ్రైవు పెడితే షార్ట్‌కట్‌లు చచ్చిన చీమల్లా కదలకుండా పడుండేవి, వాటి పక్కనే దాక్కున్న అసలు ఫోల్డర్లు కనబడేవి. ప్రాజెక్టు పోయిందని ఏడుపు మొహంతో వచ్చిన పిల్లలకి వాటిని వెలికితీసి ఇస్తూ, బావకి వినబడేలా "ఏమీ పోలేదు, అన్నీ ఉన్నాయి" అనేవాణ్ణి (ఒక్కొక్కరికి రెండేసిసార్లు).

పాస్‌వర్డ్ సంగతి చెప్పాలి. విజయవాడలో కోచింగ్‌కి వెళ్లినప్పుడు గదిలోవాళ్లు నేను "ఏటి" అన్నప్పుడల్లా నెల్లాళ్లపాటు పడీపడీ నవ్వారు. ఏమిటి అనడం రాక కాదు, వాళ్లకోసం మార్చుకోవడం ఇష్టం లేక అలాగే అన్నాను. ఆ పంతంతోనే పాస్‌వర్డ్ కూడా అదే పెట్టాను. ఇంగ్లీషులో ఈ, టీ, ఐ. మూడక్షరాలేనా, బలహీనంగా ఉందని లినక్సే హెచ్చరించింది. దానికేం తెలుసు మా బాధ అని సరే కొట్టేశాను.

పదిహేనో రోజు పొద్దున్న అమ్మ మొక్కు ఉందని శ్రీకూర్మం వెళ్లాల్సొచ్చింది. గుడి బయట ఉండగా మావ ఫోను. స్టేషన్ దగ్గర చేపలమ్మే పిన్ని కూతురికి మర్నాడు విశాఖపట్నంలో పరీక్ష. ముందురోజు నేనే నెట్‌లోంచి హాల్‌టికెట్ దింపి నా కంప్యూటర్లో ఉంచాను, ప్రింటు తీసేలోపు కరెంటు పోయింది. ఇప్పుడు కరెంటుంది, నెట్ లేదు. ప్యాసింజరు రావడానికి పావుగంటుంది. తల్లీ కూతుళ్లిద్దరూ కొట్టులో నిలబడున్నారు.

"ఒరే, నీ మిషను పాస్‌వర్డ్ అడుగుతన్నాది. ఏటి పాస్‌వర్డు?"

"ఏటి, మావా."

"పాస్‌వర్డ్రా, పాస్‌వర్డు! ఏటి?"

"అదే మావా. ఏటి."

"నన్నడుగుతావేట్రా? నువ్వు పెట్టిందానికి నాకేటి తెలుస్తాది?"

వెనక బావ గొంతు, "సెప్పడు నాన్నా, ఆడికి పొగరు." అక్షరాలుగా చెబితే పోతుందనుకుని, "మావా, జాగ్రత్తగా విను. ఈ... టీ... ఐ..." అన్నాను.

"ఈ టీ అయినాక సెప్తావా? ఇక్కడ రైలెల్లిపోతంటే నువ్వక్కడ టీ తాగుతన్నావట్రా!"

గుడికొచ్చిన జనం అందరూ తిరిగి చూసేలా "ఏటి! ఏటి! ఏటి!" అని అరిచాను. అప్పుడు ఫోన్లోంచి పిన్ని గొంతు నింపాదిగా వినబడింది. "బావూ, ఆ గుంటడు నిన్ను అడగట్లేదు, సెప్తన్నాడు. పాస్‌వర్డే ఏటి. కొట్టి సూడు." కీబోర్డు మీద మూడు దెబ్బలు. తర్వాత ప్రింటరు కదిలిన చప్పుడు.

ఆ పిల్ల రైలెక్కింది. పదిహేను రోజులు, ఊళ్లో ఉన్న ప్రతి పెన్‌డ్రైవూ కదపలేకపోయిన నా కంప్యూటర్‌ని, ఎన్నడూ కీబోర్డు ముట్టుకోని పిన్ని నిలబడ్డచోటి నుంచే తెరిచేసింది. నేను తిరిగొచ్చేసరికి బావ గుమ్మంలోనే ఉన్నాడు. "నీ తాళం గట్టిదేరా, ఒప్పుకుంతన్నాను. తాళంసెవే మన జిల్లా జనం నోట్లో పెట్టీసినావు" అన్నాడు. నేను ఊరుకోలేదు. లోపం లినక్స్‌ది కాదని, నాదని, ఆ రెండిటికీ తేడా ఉందని ఒక కాగితం మీద రెండు వైపులా రాసి మావకిచ్చాను. మావ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. "సరే, నువ్వే గెలిసినావు. మూడింటికీ నీదే ఎయ్యి. పాస్‌వర్డు మాత్రం మీ బావ పెడతాడు" అన్నాడు.

మర్నాడు మూడింటికీ లినక్స్ వేశాను. పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చిన ప్రతిసారీ బావ జెరాక్సు మిషను దగ్గర్నుంచి వచ్చి, చేత్తో కీబోర్డు కప్పుకుని, "అటు తిరగరా" అనేవాడు. నేను అటు తిరిగేవాణ్ణి. పందెం గెలిచి, పళ్లు కొరుకుతూ, గోడకేసి నిలబడ్డ ఆ ఇరవైరెండేళ్ల కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకే వెళ్లి భుజం తట్టాలనిపిస్తుంది. తట్టినా వెనక్కి తిరగడు. బావ సరేననాలి.