గడప బయట నర్సమ్మ

మా కెలమంగలానికి మిషన్ ఆస్పత్రి వ్యానులో ఒక విదేశీ నర్సమ్మ వచ్చేది. మా ఇంట్లోనే పట్టుపురుగులు పెంచుతాం. మందుల వాసన తగిలితే అవి చస్తాయని ఆమెకు తెలుసు. అందుకే గడప బయటే నిలబడి, "రావచ్చా అమ్మా?" అనేది.

"ఆడే ఉండమ్మా, నేనే వస్తా," అని నా చంటిపాపను చూపించడానికి బయటికి ఎత్తుకుపోయేదాన్ని.

ఒకరోజు సరిగ్గా ఆమె వచ్చే వేళకే జ్వరంతో పాపకు ఫిట్స్ వచ్చాయి. నర్సమ్మ అడగలేదు. చెప్పులతోనే పురుగుల తట్టల మధ్యకు పరుగెత్తుకొచ్చింది. అప్పుడే నాకు భయం పట్టుకుంది. ఈమె అడగలేదంటే పాప ఇక దక్కదేమో అనుకున్నాను.

"బతుకుతుందా అమ్మా? చెప్పమ్మా!"

ఆమె పాపను వ్యానులో ఆస్పత్రికి తీసుకుపోయింది.

పాప ఇంటికొచ్చిన రోజు కూడా నా భయం తగ్గలేదు. సాయంత్రం గడప బయట ఆమె గొంతు వినిపించింది.

"రావచ్చా అమ్మా?"

అప్పుడు నాకు ఊపిరొచ్చింది.

"లోపలికే రామ్మా," అన్నాను.