ఉత్తమ సేవ

స్టీలు నీళ్లసీసా ఎక్కడ కనబడినా నాకు దర్శి నుంచి గుంటూరు వెళ్లే బస్సే గుర్తొస్తుంది. ముందు పోతున్న మిరపకాయల లారీ ఘాటుకి దగ్గుతుంటే, పక్క సీటావిడ తన సీసా అందించింది. దాని మీద ఓ బడి పేరు, కింద ‘ఉత్తమ సేవ’ అని రాసి ఉంది.

“మీ పాపదా?” అన్నాను.

“అవునండి. బళ్లో సేవంటూ పిల్లల్ని మా ఊరి పత్తిచేలకి తీసుకొచ్చి, గట్ల మీద ఖాళీ పురుగుమందు డబ్బాలు ఏరించారు. మా పిల్లే ఎక్కువ ఏరిందని ఇచ్చారు.”

“మంచి పని చేసింది” అన్నాను, ఏదో తెలిసినట్టు.

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

“వాళ్ల నాన్న తాగి చచ్చిపోయిన డబ్బా కూడా అక్కడే ఉందండి. ఇంట్లో ఉంచలేక నేనే మా చేని గట్టున పారేశా. పిల్ల చూడగానే గుర్తుపట్టింది. ఎవరికీ చెప్పకుండా సంచిలో వేసుకుని, పక్క చేలోకెళ్లి ఏరతానే ఉందంట. చాలమ్మా అన్నా ఆగలేదంట. అందరూ చప్పట్లు కొట్టారు.”

సగం తాగిన సీసా తిరిగిచ్చాను. ఆవిడ కొంగుతో దాని మూతి తుడిచి, బిరడా బిగించింది.

“పిల్ల ఇందులో నీళ్లు ముట్టుకోదండి. మీరైనా తాగారు.”