పెద్దయ్య కడాయి, మా అమ్మ సాక్ష్యం

మా చిన్నప్పుడు... పసుపు తవ్వే రోజుల్లో ఆర్మూర్ చుట్టుపక్కల చేలల్లో ఎక్కడ చూసినా పెద్ద పెద్ద ఇనుప కడాయిలే. పచ్చి కొమ్ములు పోసి, పైన గోనెసంచులు కప్పి, గంటలకొద్దీ ఉడకబెట్టేవాళ్లు. ఆ ఆవిరి వాసన చాలామందికి తీపి జ్ఞాపకం. నాకు మాత్రం కాదు...

మాది కూలిపని చేసుకునే క్రైస్తవ కుటుంబం. మా చర్చి సంఘ పెద్దకు ఆలూర్ దగ్గర పసుపు చేను ఉండేది. అందరం ఆయన్ని పెద్దయ్య అనేవాళ్లం. మందిరంలో ముందు వరుస ఆయనది, ఆయన చేలో పని మా అమ్మలాంటి వాళ్లది.

ఒక శనివారం సాయంత్రం మా వాకిట్లోకి వచ్చాడు.

"మరియమ్మా, రేపు పొద్దుగాల్నే కడాయి కాడికి రావాలె. తవ్విన పసుపు కుప్పలు పడ్డది, ఇంక ఆగితే ఖరాబైతది."

"రేపు ఆదివారం గదా పెద్దయ్యా... ప్రార్థనకు పోవద్దా?"

"దేవునికి నేను చెప్పుకుంట గని నువ్వైతే రా. పెద్దల మాట వినుడు గూడ దేవుని మాట వినుడే."

అమ్మ విన్నది. తెల్లారి ఆయన ఇస్త్రీ బట్టలు వేసుకుని మందిరానికి, అమ్మ ఆయన కడాయి దగ్గరికి. మధ్యాహ్నం నేను సద్దిగిన్నె పట్టుకుని వెళ్లేసరికి అమ్మ ఉడికిన కొమ్ములు గంపలోకి తోడుతోంది. కాలు జారింది... మరిగే నీళ్లు కుడిచేతి మీద పడ్డాయి. కళ్లారా చూశాను.

మరుసటి ఆదివారం చేతికి కట్టుతోనే మందిరానికి వచ్చింది. దేవుడు తమకేం చేశాడో అందరి ముందూ సాక్ష్యాలు చెప్పే వేళ పెద్దయ్య ఆమెను ముందుకు పిలిచాడు.

"ఆరాధన ఇడిసిపెట్టి పనికి పోతే దేవుడు ఏం జేస్తడో సంఘానికి చెప్పు మరియమ్మా."

గొంతులో జాలి కూడా కలిపాడు! ఎవరి పనికి పోయిందో ఆ నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. ఛీ... ఇన్నేళ్లయినా ఆ ముఖం తలుచుకుంటే రోత పుడుతుంది.

అమ్మ ఒక్కసారి ఆయన వైపు చూసింది. సీజనంతా పని ఆయన చేలోనే మరి... "దేవుని మాట మీరిన. తప్పయింది" అంది. అందరూ "స్తోత్రం" అన్నారు.

మూడు నెలలు ఆమెను ప్రభు బల్లకు దూరం పెట్టారు. రొట్టె, ద్రాక్షరసం తన ముందు నుంచే పక్కవాళ్లకు దాటిపోతుంటే తల వంచుకుని కూర్చునేది. చెయ్యి కాలినప్పుడు ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చేది.

ఇక అసలు సంగతి... రాయడానికే సిగ్గుగా ఉంది.

ఆ నెలల్లోనే సండేస్కూల్లో టీచరక్క అడిగింది, "దేవుని మాట ఇనకుంటే ఏమైతది?" అని. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

"మా అమ్మ చెయ్యి లెక్క కాలిపోతది!"

పిల్లలందరితో చప్పట్లు కొట్టించి, నాకు చాక్లెట్ ఇచ్చింది. కడాయి ఎవరిదో నాకు తెలుసు. రమ్మన్నది ఎవరో నా చెవులతో విన్నాను. అయినా నోరు విప్పలేదు. అందరి ముందూ ఆ చాక్లెట్ తిన్నాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మ... నన్ను తీసుకెళ్లడానికి వచ్చి ఎప్పటినుంచి నిలబడిందో. ఎడమచెయ్యి చాచింది.

"నడువు బిడ్డా, ఆకలైతుండొచ్చు" అంది.

ఇప్పుడు మా దగ్గర కడాయిలు తగ్గిపోయాయి, ఆవిరి బాయిలర్లు వచ్చాయి. పెద్దయ్య పోయాడు. అమ్మ ఇప్పటికీ ఏ ఆదివారమూ మానదు. నాకూ దేవుడి మీద కోపం లేదు. ఆయన పేరు చెప్పి తన మాట నెగ్గించుకున్న మనిషంటే అసహ్యం... చప్పట్లు కొట్టించుకున్న నేనంటే ఇంకా అసహ్యం.

మీరూ చిన్నప్పుడు ఇంట్లోవాళ్ల పరువు తీసి మంచి పిల్లలు అనిపించుకున్నారా? అయితే చెప్పండి... తర్వాత వాళ్లను ఎలా క్షమాపణ అడిగారో కూడా చెప్పండి. నేను అమ్మను ఇంకా అడగలేదు.