దీపం నూనెతో పావగడ పోయివచ్చిన బండి

"మీ ఆయన బండి బజ్జీలేంచుతా వచ్చినాదంట, పోయి చూడు పోవే!" అని నాకు మొదట కబురు తెచ్చింది పక్కింటి గంగక్క. ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆ బజ్జీల మూకుడు పొయ్యి మీదికెక్కించింది నేనే. ఆ ఘోరం మొత్తం చెబుతాను, నవ్వుకోండి. మా ఆయన ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి.

అప్పుడు నాకు పెళ్లయిన కొత్త. అత్తగారి ఊరు నాగలమడిక పక్కన. ఇంట్లో ఒక పాత మోటారు సైకిలు ఉండేది. దాన్ని లేపడమంటే అలిగిన కొత్తల్లుణ్ణి విస్తరి ముందుకు లేపినట్టే. తన్ని, తిట్టి, చివరికి బతిమాలితే గాని గుర్రుమనేది కాదు. పైగా పెట్రోలు ఒక్కటే తాగదు. అందులో ఇంజను ఆయిలు కూడా కలిపి పోయాలి.

బీటలు వారిన నేల మీద ఆ రాత్రి వాన పడింది. తెల్లారగానే మా ఆయన పావగడ పోయి విత్తనపు శనక్కాయలు తేవాలి. పదును ఆరేలోగా విత్తకపోతే ఆ ఏటి పంట మీద ఆశ వదులుకోవలసిందే. ఆయన విత్తే గొర్రు సరిచూసుకుంటూ కేకేశాడు.

"మేయ్, పెట్రోలు పోసినా. డబ్బాలో ఆయిలుండాది, మూతతో కొలిచి పొయ్యి!"

డబ్బా తలకిందులు చేసినా చుక్క రాలలేదు. ఎదురుగా గూట్లో దీపాలకని ఉంచిన గానుగ నూనె, బంగారంలా మెరుస్తోంది. ఆ నల్లటి ఆయిలు కన్నా ఇదెంత పవిత్రం! దేవుడికి పనికొచ్చింది బండికి పనికిరాదా? దండం పెట్టుకుని పోశాను. కొలతకు మించే పోశాను. పిసినారితనం మా పుట్టింట్లో లేదు లెండి.

మొదటి తన్నుకే లేచింది బండి! అంతా నాగలమడిక గుళ్లోని సుబ్బరాయుడి దయ అనుకున్నాను.

మధ్యాహ్నానికి గంగక్క వచ్చి పడింది.

"ఏటి ఇసకలో నిలిచిపోయినాదంట. ఆ వాసనకి కూలోళ్లు చుట్టూ చేరి, ప్లేటెంతప్పా అని అడుగుతాండారు!"

"విత్తనాలో, అక్కా?"

"మూట బండి మీదే ఉండాదిలే."

స్వామికి మనసులోనే మొక్కుకున్నాను. మా అత్త ఎద్దులబండి కట్టించింది. ఇద్దరం పోయి చూస్తే మా ఆయన మూట మీద కూర్చుని ఉన్నాడు, ముఖమంతా మసి. ట్యాంకులో వేలు ముంచి వాసన చూశాడు.

"ఇది మన దీపం నూనె! ఎవురు పోసింది?"

నేను అత్త వెనక్కి జరిగాను.

"నేనే పోస్తిని. ఏం జేస్తావు?" అంది అత్త.

"నీకు ట్యాంకు మూత తీసేది తెలుసునామ్మా?"

"దేవుడు తీపిచ్చినాడు. ముందు మూటెత్తరా, పదును ఆరిపోతాంది!"

ఆయన వాళ్లమ్మను చూశాడు, నన్ను చూశాడు. పెదవి కొరుక్కున్నాడు గానీ ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. మోటారు సైకిలును ఎద్దులబండి వెనక కట్టేస్తే, మేత దొంగిలించి దొరికిపోయిన దూడలా తల వాల్చుకుని వచ్చింది. పొద్దు గూకేలోగా విత్తనం భూమిలో పడింది.

ఆ ఏడు కాయ బాగా పట్టింది. గానుగ నుంచి కొత్త నూనె వచ్చిన రోజు అత్త పంచింది: "ఇది దేవునికి. ఇది వంటకి." తర్వాత వాకిట్లోని మోటారు సైకిలు వైపు తిరిగి, "నీకు లేదు పో!" అంది.

కాబట్టి దీపం సాక్షిగా చెబుతున్నాను: ఒంట్లో ప్రాణమున్నంత వరకు ఏ ఇంజనుకూ నా భక్తి రుచి చూపించను. మీరు బజ్జీలు వేసినప్పుడు, తొలి వాయి దింపేటప్పుడు, మా అత్త నరసమ్మను ఒక్కసారి తలుచుకోండి. ట్యాంకు మూత తీయడం ఆమెకు చివరిదాకా రాలేదు.