కొంగు కింది గడ్డలు

నాగర్‌కర్నూల్‌ల ల్యాబ్ పెట్టి అప్పటికి మూడేండ్లు. ఆపరేషన్‌ల తీసిన ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి, కేన్సరా కాదా అని రాసిచ్చుడు నా పని. మనుషులతోటి పెద్దగ పని పడదు.

ఒకనాడు ఊర్ల సర్జన్ ఒక పిల్ల నెత్తి మీద తీసిన గడ్డ పంపిండు. శనగగింజంత. స్లైడ్ చూడంగనే నాకు ప్రాణం లేచొచ్చింది. నీలి కణాల గుంపులు పొలం మడుల్లెక్క ఒకదానికొకటి ఒరుసుకొని ఉన్నయి. ప్రతి మడి చుట్టూ గులాబీరంగు గట్టు. చెమట గ్రంథుల్ల పుట్టే అరుదైన గడ్డ. పుస్తకంల తప్ప అంతకుముందు చూడలె. కేన్సర్ కాదు, కానీ తల్లికుంటే పిల్లలకు రావొచ్చు.

రిపోర్టు కోసం తల్లీబిడ్డ ఇద్దరూ వచ్చిన్రు. లింగాల దిక్కు ఒక ఊర్ల బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతదట తల్లి. కొంగు నుదుటి దాక గుంజుకొని కూర్చుంది.

"నీకు గూడ ఉన్నయా?" అని అడిగిన.

"ఉన్నయి మేడం. ఊర్ల ఎవ్వరికి తెల్వదు."

"కొంగు తియ్యి, చూస్త."

"వద్దు మేడం."

"చూడకుంటే నీ బిడ్డ రిపోర్టు ఎట్ల రాయాలె?"

అబద్ధం. రిపోర్టు అప్పటికే రాసి పెట్టిన.

తీసింది. టమాటాలంత గడ్డలు, నెత్తి నిండ, నడుమ నడుమ నాలుగు వెంట్రుకలు. ఫోన్ తీసి మూడు ఫోటోలు కొట్టిన. మొహం పడిందని తెలుసు. వెలుతురు బాగుందని అట్లనే ఉంచిన.

"నాకు గూడ గిట్లనే అయితదా?" అని బిడ్డ అడిగింది. ఇరవై కూడ నిండలె.

"కావొచ్చు. తీసేసినా మళ్ల లేస్తయి. కేన్సరైతే కాదు గదా, సంతోషపడు."

తల్లి గోడ దిక్కు మళ్లింది.

ఆ సాయంత్రమే ఆ ఫోటోలు డాక్టర్ల గ్రూపుల పెట్టిన. ఎంత అందమైన కేసు అని మస్తు మెచ్చుకున్నరు. ఎవరు ఎవరికి పంపిన్రో, పది దినాలల్ల ఆ ఫోటో లింగాల దిక్కు ఫోన్లల్ల తిరిగింది. కింద ఎవరో 'అంటురోగం, జాగ్రత్త' అని రాసిన్రు.

బిడ్డ ఒక్కతే వచ్చి ఫోన్ నా ముందల పెట్టింది.

"అమ్మను వంటకాడికి రానిస్తలేరు. ఆమె చేతి అన్నం మా పిల్లలకొద్దంటున్రు. ఇది మీరు తీసిందేనా మేడం?"

"నాకేం తెల్వదు."

"అమ్మ ఇంకెవ్వరి ముందల కొంగు తియ్యలె."

నేను ఫోన్‌ను ఆమె దిక్కు జరిపిన. ఆ పిల్ల ఫోన్ తీసుకొని, "పోనీ, ఇది అంటుకోదని తెలుగుల ఒక కాయితం రాసియ్యుండ్రి. ఊర్ల చూపిస్త" అన్నది.

రాస్తే ఫోటో నాదే అని తేలుతదని భయమైంది. "అట్ల రాసియ్యం. రిపోర్టు ఉంది గదా, అదే చూపియ్యి" అన్న. రిపోర్టు మొత్తం ఇంగ్లీషుల ఉన్నది.

వంటకు వేరే ఆమెను పెట్టుకున్నరని తర్వాత సర్జన్ చెప్పిండు. తల్లి పత్తి ఏరనీకి పోతుందట. చేన్ల ఆమె ఏరే సాలు వేరే, తాగే నీళ్ల చెంబు వేరే. బిడ్డ నెత్తి మీద ఇంకో రెండు లేచినయట. కోయించుకోనని చెప్పిందట.